పెథెరిక్ గారి ఆఖరి మాట

ఇంగ్లండు మొత్తం మీద ఆస్వాల్డ్ పెథెరిక్ దిగని రైల్వే స్టేషను లేదు, మొయ్యని పళ్లెం లేదు. పంతొమ్మిది వందల నాలుగులో కెటరింగ్‌లో తండ్రి బట్టల కొట్టు వదిలేసి, మహారాజుల వేషాలు కడదామని నాటకాల కంపెనీలో చేరాడు. కంపెనీ వాళ్లు అతన్ని ఎగాదిగా చూశారు. ఆరడుగుల ఎత్తు, పొడుగాటి మొహం, ఎవరో ఇప్పుడే తనని అవమానించి వెళ్లినట్టుండే కనుబొమలు. బట్లర్ వేషానికి దేవుడు కొలతలు తీసి మరీ పంపించాడనుకున్నారు. ఆనాటి నుంచి ఏ నాటకమైనా, ఏ ఊరైనా, తలుపు తెరుచుకుని లోపలికొచ్చి "భోజనం సిద్ధమండి, అమ్మగారూ" అనేది అతనే. మధ్యలో రెండుసార్లు బిషప్ వేషం, ఒకసారి శవం వేషం దొరికాయి. శవం వేషంలో కూడా బట్లర్‌లాగే పడుకున్నాడని గిట్టనివాళ్లు అన్నారు.

వేదిక మీద ఇన్నేళ్లు ఇన్ని పళ్లేలు మోసిన మనిషి ఇంట్లో టీ కప్పు తీసి తొట్లో పెట్టి ఎరగడు. అది అతని భార్య హెస్టర్ పని. హెస్టర్ కూడా అదే కంపెనీలో పనిపిల్ల వేషాలు వేసేది. జనాన్ని నవ్వించడం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య. ఒకసారి విగన్‌లో కథానాయికకి గొంతు పోతే ఆ వారమంతా హెస్టరే ఆ వేషం కట్టింది. నాటకంలో ఆఖరి మాట కూడా ఆమెదే. ఆ మాటకి చవక టిక్కెట్ల గేలరీలో గని కూలీలు బూట్లతో నేల దంచి చప్పట్లు కొట్టారు. మరుసటేడు పెళ్లయింది. ఇంట్లో ఇద్దరు నటులుంటే అది కాపురంలా ఉండదని ఆస్వాల్డ్ అన్నాడు. ఆమె మానేసింది. ఆ ఇంట్లో ఇప్పటికీ నటులు ఒక్కరే. ఆ ఒక్కరూ ఎవరన్న విషయంలో మాత్రం మొగుడూ పెళ్లాల అభిప్రాయాలు వేరు.

మానేసిందన్న మాటే గానీ, నిజానికి ఆమె పని అప్పుడే మొదలైంది. ఆ రోజుల్లో నటుడి చేతికి నాటకం మొత్తం ఇచ్చేవాళ్లు కాదు. అతని మాటలు మాత్రం నాలుగు కాగితాల మీద రాసి, వాటికి ముందు అవతలివాడు అనే రెండు మూడు ముక్కలు చేర్చి ఇచ్చేవాళ్లు. లండన్‌లో బ్రిక్స్‌టన్ పేటలో వాళ్ల వంటింట్లో హెస్టర్ బంగాళాదుంపలు చెక్కుతూ ఆ రెండు ముక్కలూ అనేది. ఆస్వాల్డ్ గుండెల నిండా గాలి పీల్చి తన మాట అనేవాడు. అప్పుడు ఆమె దుంపలు చెక్కినట్టే అతన్నీ చెక్కేది. చేతులు కిందకి దించమనేది. సూపు చల్లారిందని చెప్పడానికి కన్నీళ్లెందుకని అడిగేది. గొంతు సగం చెయ్యమనేది, చేస్తే అందులోనూ సగం చెయ్యమనేది. అతను మూతి ముడుచుకుని పడకగదిలోకి వెళ్లిపోయేవాడు. సాయంత్రం వేదిక మీద మాత్రం ఆమె చెప్పినట్టే చేసేవాడు. మిస్టర్ పెథెరిక్‌లోని నిగ్రహం చూడముచ్చటగా ఉందని పేపర్లు రాసేవి. ఆ నిగ్రహం హెస్టర్‌దని రాయడానికి పేపర్ల వాళ్లకేం తెలుసు!

నటన విషయంలో మాత్రం ఆమె అతనికి ఒక్కనాడూ అబద్ధం చెప్పలేదు. మొగుడి బట్టతల గురించి, పాట గురించి, అత్తగారి వంట గురించి కావలసినన్ని చెప్పింది. వేషం దగ్గర మాత్రం మొహం మీదే అనేసేది. ఆస్వాల్డ్‌కి అదంటే ఎంత కోపమో అంత నమ్మకం.

యుద్ధం అయిపోయాక అతను సర్ మార్టిమర్ వేల్ కంపెనీలో కుదిరాడు. నాటకం హాలు సర్ మార్టిమర్‌దే, నాటకం ఎలా ఆడాలో చెప్పేదీ ఆయనే, కథానాయకుడూ ఆయనే. వేదిక నడిమధ్య చోటు, తలమీద పడే వెలుగు, తెర పడే ముందు ఆఖరి మాట, ఈ మూడూ పుట్టుకతో తనకి రాసిచ్చారని ఆయన నమ్మకం. అలాంటాయన ఆ ఏడు ఒక హత్య నాటకం ఎత్తుకున్నాడు. మూడో అంకంలో తనకి బ్రహ్మాండమైన చావు ఉందని మురిసిపోయి ఒప్పుకున్నాడు గానీ, చచ్చాక మాట్లాడ్డం కుదరదన్న సంగతి ఆలస్యంగా తట్టింది. ఆఖరి మాట తనకే ఇవ్వమని రచయితని పీక్కుతిన్నాడు. శవం మాట్లాడితే జనం టిక్కెట్టు డబ్బులు వెనక్కి అడుగుతారని ఆ రచయిత కాళ్లావేళ్లా పడ్డాడు. చివరికి ఆఖరి మాట బట్లర్‌కి పోయింది.

మాట చిన్నదే. శవం తివాచీ మీద ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ తల పట్టుకుని కూచుని, ఆ గది తలుపుకి బయట నుంచి తాళం ఎవరు వేశారో తెలిస్తే గదా అంటాడు. బట్లర్ మెల్లగా కోటు జేబులోంచి తాళం చెవి తీస్తాడు. "ఆ తలుపుకి తాళం వేసింది నేనేనండి, ఇన్‌స్పెక్టర్ గారూ" అంటాడు. తెర పడుతుంది. పద్దెనిమిదేళ్లుగా భోజనం సిద్ధమని చెబుతూ వచ్చిన నోటికి ఇది పెద్ద పండగ. కాగితం చేతికొచ్చిన రోజు ఆస్వాల్డ్ బస్సెక్కకుండా ఇంటి దాకా నడిచే వచ్చాడు. బస్సులో కూచుంటే తనని ఎవరూ చూడరని అతని బాధ.

అయితే నాటకాల వాళ్లకి ఒక పట్టింపు ఉంది. నాటకంలో ఆఖరి మాటని మొదటి ఆట రోజు దాకా ఎవరూ పైకి అనకూడదు. వినడానికి జనం లేనప్పుడు అంటే నాటకం అక్కడే చస్తుందని వాళ్ల భయం. రిహార్సల్‌లో ఆ మాట దగ్గరికి రాగానే ఆస్వాల్డ్ తాళం చెవి తీసి, నోరు గట్టిగా మూసుకుని నిలబడేవాడు. శవం లేచి చొక్కా దులుపుకునేది. తెర తాడు పట్టుకున్న జెబ్ క్లెగ్ తెర దించేసి టీ తాగడానికి పోయేవాడు. నెల రోజులు ఇదే వరస.

వంటింట్లోనూ ఇదే వరస. తాళం చెవి దాకా అంతా చెక్కి నునుపు చేశాక, ఆ ఒక్క మాటా తనకి వినిపించమని హెస్టర్ అడిగింది. ఆస్వాల్డ్ మొహం పాలిపోయింది.

"ఇంట్లోనా? నీకు మతి పోయిందా హెట్టీ?"

"పోనీ నేనంటాను, నువ్వు విను. ఆ తలుపుకి తాళం..."

అతను గబుక్కున ఆమె నోరు మూశాడు. దోషం పోవడానికి ఆమెని వంటింట్లోంచి బయటికి పంపించి, మూడుసార్లు గుండ్రంగా తిప్పించి, తలుపు తట్టి లోపలికి రానిమ్మని బతిమాలించుకున్నాడు. ఒకప్పుడు విగన్‌లో గేలరీని ఊపేసిన మనిషి, చేతిలో దుంపల కత్తితో, తన వంటింట్లోకి రావడానికి తన మొగుణ్ని బతిమాలింది. మాట సరే, దానికి ముందు ఊపిరి ఎలా పీలుస్తాడో అదైనా చూపించమంది. చూపించాడు. ఆ ఊపిరి చూసినప్పుడే తనకి అనుమానం రావాల్సిందని హెస్టర్ తర్వాత చాలాసార్లు అనుకుంది.

మొదటి ఆట రోజు ఆమె మేడ మీద ముందు వరసలో కూచుంది. మూడో అంకంలో సర్ మార్టిమర్ ఎంత తీరిగ్గా చచ్చాడంటే, కొందరు ఈలోగా లెమనేడ్ తాగి వచ్చారు. చివరికి ఇన్‌స్పెక్టర్ తల పట్టుకున్నాడు. ఆస్వాల్డ్ నాలుగడుగులు ముందుకొచ్చి, సర్ మార్టిమర్ జీవితాంతం ఎవరినీ నిలబడనివ్వని ఆ నడిమధ్య చోటులో నిలబడ్డాడు. తాళం చెవి తీశాడు. హాలులో ఎవరో చిన్న కేక పెట్టారు. ఇంక ఆ మాట అనెయ్యాలి. కానీ పద్దెనిమిదేళ్ల ఆకలి కదా, ఒక్క ముద్దలో ఎలా తీరుతుంది? కింది సీట్ల వాళ్లని ఒకసారి చూశాడు. మేడ మీద వాళ్లని చూశాడు. పై గేలరీని చూశాడు. వంటింట్లో చూపించిన ఆ ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టాడు.

జెబ్ క్లెగ్ తెర దించేశాడు.

 హాలులో మొదలైన చప్పట్లు ఆగితే ఒట్టు. తెర వెనక ఆస్వాల్డ్ నోరు తెరుచుకుని అలాగే నిలబడి ఉన్నాడు. శవం లేచి కూచుని, బ్రహ్మాండం నాయనా, ఇకమీదట రోజూ ఇలాగే అని భుజం తట్టింది. ఆఖరి మాట తనకి దక్కకపోతే పోయింది, మరెవడికీ దక్కలేదని శవానికి సంతోషం.

ఆస్వాల్డ్ తిన్నగా క్లెగ్ దగ్గరికి వెళ్లి, నా నోట్లో మాట నోట్లో ఉండగా తెర ఎలా దించావని నిలదీశాడు.

"తాళం చెవి తీశావు, దించాను. నెల్లాళ్లుగా అదేగా నా పని" అన్నాడు క్లెగ్ పైపు వెలిగించుకుంటూ. "ఆ తర్వాత మాటొకటుందని నాకెవరు చెప్పారయ్యా? ఒక్కరైనా అన్నారా?"

ఒక్కరూ అనలేదు. 

మర్నాడు పేపర్లు ఆకాశానికెత్తాయి. వంద మాటలు చెప్పలేనిది మిస్టర్ పెథెరిక్ మూసిన పెదాలు చెప్పాయట. ఇంగ్లీషు నాటకం ఇన్నాళ్లకి నోరు మూసుకోవడం నేర్చుకుందట. ఎండు చేప, రొట్టె ముందు పెట్టుకుని హెస్టర్ ఒక్కొక్కటీ పైకి చదువుతుంటే, ఆస్వాల్డ్ పుండు మీద కారం చల్లినట్టు విలవిల్లాడాడు. ఆ మూసిన పెదాలు కావాలని మూసినవి కావనీ, తెరుచుకుంటున్నవనీ ఎవరికి చెప్పుకుంటాడు? నాటకం ఏళ్ల తరబడి ఆడింది. ప్రతి రోజూ ఆ నడిమధ్య చోటులో, మాట గొంతులో పెట్టుకుని, తాళం చెవి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ప్రతి రోజూ తెర పడింది. పేరు మోగిపోయింది. ఇంటికొచ్చి, తన నోట మాట రానివ్వకుండా లోకమంతా కుట్ర పన్నిందని ఏడ్చేవాడు. ఈలోగా సర్ మార్టిమర్ వేదిక మీద అన్నిసార్లు చచ్చి, చివరికి ఒకరోజు పడకలో నిజంగానే పోయాడు. అప్పుడు మాత్రం ఎక్కువసేపు పట్టలేదు.

సినిమా వాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. అవి మూగ సినిమాలు. లండన్ శివార్లలో గాజు కప్పు ఉన్న స్టూడియోలో మౌనంగా నిలబడే బట్లర్ కావలసి వచ్చిన ప్రతిసారీ పెథెరిక్‌ని పిలిచారు. తమాషా ఏమిటంటే, ఆ మూగ సినిమాల్లో అతను మాట్లాడినంత ఇంకెవరూ మాట్లాడలేదు. వినే నాథుడు లేడని తెలిసీ కెమెరా ముందు ఏకధాటిగా ఉపన్యాసాలు దంచేవాడు. ఆ ముక్కలన్నీ కత్తిరించి, ఊపిరి తీసుకోవడానికి ఆగిన ముక్కలు మాత్రం వాళ్లు వాడుకునేవాళ్లు. అలా ఊపిరి తీసుకుంటూ అతను దేశమంతటా ప్రసిద్ధుడయ్యాడు. కెటరింగ్‌లో తండ్రి కొట్టు కిటికీలో అతని ఫోటో పెట్టి, దాని పక్కన బట్లర్ చేతి తొడుగులు అమ్మారు.

ఆ తర్వాత సినిమాకి మాట వచ్చింది. ఆ హత్య నాటకాన్నే మాట్లాడే సినిమాగా తీస్తామని రుక్ అనే డైరెక్టర్ ఇంటికొచ్చాడు. ఆస్వాల్డ్ డబ్బు సంగతి ఎత్తలేదు, పేరు ఎంత పెద్ద అక్షరాల్లో వేస్తారని అడగలేదు. ఆఖరి మాట అననివ్వాలి, అంతే. రుక్ సరేనన్నాడు. సినిమా వాళ్లు సరేననడానికి ఖర్చేముంది?

ఆ రోజు ఆస్వాల్డ్ వంటింట్లో హెస్టర్‌ని పట్టుకుని, ఇప్పుడు ఏ క్లెగ్ దించుతాడో చూస్తానన్నాడు. సినిమాకి తెర దించేవాడు లేడు కదా. ఇప్పుడైనా ఒక్కసారి తనకి వినిపించమని ఆమె మళ్లీ అడిగింది. తొమ్మిదేళ్లుగా లోపల దాచుకున్నదాన్ని, తీరా పండబోయేముందు దుంపల తొక్కల మీద పారబొయ్యమంటావా అని అతను కోప్పడ్డాడు. ఇన్నేళ్లలో అతను అన్న ప్రతి మాటా ఆమె చెక్కిందే. ఆ ఒక్కటే తొక్కతో మిగిలింది.

స్టూడియోకి వెళ్లాక మొదటి దెబ్బ తగిలింది. సినిమా వాళ్లు కథని వరసగా తియ్యరు. ఆఖరి సీను మొదటి రోజే పెట్టారు. రెండో దెబ్బ, మైకు మనిషి ముందుగా ఒకసారి ఆ మాట వింటే గానీ మైకు ఎక్కడ పెట్టాలో తెలియదన్నాడు. రిహార్సల్‌లో ఆఖరి మాట అనడం తన వల్ల కాదని ఆస్వాల్డ్ మొండికేశాడు. రుక్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి, సరే, రిహార్సల్‌లో మీ ఇష్టప్రకారం ఊరికే నిలబడండి సార్ అని నవ్వాడు. ఆస్వాల్డ్ తాళం చెవి తీసి, నోరు మూసుకుని, అలవాటు ప్రకారం నిలబడ్డాడు. తర్వాత అసలు షాటు. అతను గాలి పీల్చాడు, అన్నాడు.

ఇంటికొచ్చి ఆ ముచ్చట చెబుతుంటే అతని కళ్లు మెరిశాయి.

"మైకు మనిషి చెవులకి పెట్టుకున్నవి తీసి అవతల పడేశాడు హెట్టీ. కళ్లు తుడుచుకున్నాడు. ఎన్ని సినిమాలు చూసినవాడో! చాలాసేపు నోట మాట రాలేదు పాపం."

 చెవులకున్నవి ఎందుకు పడేశాడని హెస్టర్ అడగబోయి మానేసింది.

సినిమా బ్రిక్స్‌టన్‌కి వచ్చిన శనివారం సాయంత్రం ఇద్దరూ వెళ్లారు. ఆస్వాల్డ్ కొత్త టోపీ కొన్నాడు. తనని గుర్తుపట్టి జనం మీద పడతారని టోపీ కళ్ల మీదికి లాక్కున్నాడు, ఎవరూ గుర్తుపట్టకపోయేసరికి పైకి తోశాడు. హాలు కిక్కిరిసి ఉంది. నారింజ తొక్కలు, తడి కోట్ల వాసన. ఆఖరి సీను దాకా అతను హెస్టర్ చెయ్యి వదల్లేదు. ఆ చెయ్యి చెమటతో తడిసింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆమెకి అతని మీద నిజంగా జాలేసింది. దేవుడా, ఈసారికి అననివ్వు అనుకుంది.

తెర మీద ఇన్‌స్పెక్టర్ తల పట్టుకున్నాడు. బట్లర్ ముందుకొచ్చి తాళం చెవి తీశాడు. పొడుగాటి మొహం తెర నిండా పరుచుకుంది. పెదాలు గట్టిగా మూసి ఉన్నాయి. ఉలకలేదు, పలకలేదు. ఆ మొహం మీద 'సమాప్తం' అని పడింది.

రిహార్సల్‌లో కెమెరా తిప్పారని హెస్టర్‌కి వెంటనే అర్థమైంది. వాళ్లకి కావలసింది మొదటి నుంచీ ఆ మౌనమే. మైకు మనిషి చెవులు పగలగొట్టిన ముక్క ఏ చెత్తబుట్టలో ఉందో.

ఈలోగా హాలులో గలభా మొదలైంది. సినిమా అయిపోగానే రాజుగారి పాట, అంటే వాళ్ల జాతీయగీతం, వేస్తారు. అది మొదలైందంటే ఎక్కడివాళ్లు అక్కడ బిర్రబిగుసుకుని నిలబడాలి. అందుకని పాట మొదలయ్యే లోపల తలుపు దాటి ట్రామ్ పట్టుకోవాలని జనం టోపీలు చంకన పెట్టుకుని, పక్కవాళ్ల కాళ్లు తొక్కుకుంటూ పరుగెడతారు. బ్రిక్స్‌టన్ రాజభక్తి అంతా ఆ పరుగులోనే ఉంది.

ఆ తోపులాటలో ఆస్వాల్డ్ లేచి నిలబడ్డాడు. టోపీ తీశాడు. జేబులోంచి ఇంటి తాళం చెవి తీసి పైకెత్తాడు. కింది సీట్లు చూశాడు, మేడ చూశాడు. ఊపిరి తీసుకున్నాడు. ఆపడానికి ఇక్కడ క్లెగ్ లేడు.

"ఆ తలుపుకి! తాళం! వేసింది! నేనేనండి! ఇన్‌స్పెక్టర్ గారూ!"

అదీ ఆ మాట. ప్రతి ముక్కనీ విడివిడిగా పట్టుకుని, ఊపి, వణికించి, చివర 'గారూ' దగ్గర గొంతు ఏడుపులోంచి గుర్రపు సకిలింపులోకి దూకింది. తాళం చెవి ఉన్న చెయ్యి గుండె మీదికి, అక్కడి నుంచి నుదుటి మీదికి, అక్కడి నుంచి పక్కావిడ టోపీ మీదికి పోయింది. ఇంత ఘోరం హెస్టర్ తన జన్మలో వినలేదు. మొదటి ఆట రోజు జెబ్ క్లెగ్ తాడు వదలకపోయి ఉంటే ఆ నాటకమూ, ఆ పేరూ, చేతిలో ఈ నాలుగు డబ్బులూ, ఏవీ ఉండేవి కావు. మర్నాటి నుంచి ఆస్వాల్డ్ మళ్లీ భోజనం సిద్ధమని చెప్పుకుంటూ తిరిగేవాడు. ఆ పైపు ముసలాడు వాళ్లకి అన్నం పెట్టాడు.

సరిగ్గా అప్పుడు రికార్డు మీద డోలు మోత మొదలైంది. రాజుగారి పాట. పరుగెత్తేవాళ్లు పరుగెత్తే చోటే కొయ్యబారారు. కూచున్నవాళ్లు లేచారు. మొగవాళ్లు టోపీలు తీశారు. హాలు హాలంతా నిటారుగా, నిశ్శబ్దంగా, కదలకుండా నిలబడింది. ఆస్వాల్డ్ తల తిప్పి చుట్టూ చూశాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. మెల్లగా, హుందాగా, ముందు కిందివాళ్లకీ తర్వాత మేడ మీద వాళ్లకీ వంగి నమస్కారం చేశాడు.

బయట వాన తుంపరగా పడుతోంది. ట్రామ్ వచ్చే లోపల చేపల కొట్లో వేయించిన దుంప ముక్కలు పొట్లం కట్టించుకున్నారు. సినిమా వాళ్లు కత్తిరించిన సంగతి ఆస్వాల్డ్‌కి అప్పుడే పట్టడం మానేసింది. కత్తిరిస్తే కత్తిరించారు, జనం ముందు అన్నాను కదా అన్నాడు. లేచి నిలబడ్డారు, చూశావా అని మూడుసార్లు అడిగాడు. చూశానని ఆమె మూడుసార్లూ చెప్పింది. తర్వాత కొట్టు దీపం కింద ఆగి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, వంటింట్లో నిలబడినట్టు ఆమె ముందు నిలబడ్డాడు.

"జనం సంగతి సరే. నువ్వు చెప్పు హెట్టీ. ఎలా ఉంది? నువ్వెప్పుడూ అబద్ధం చెప్పవు."

హెస్టర్ అతన్ని చూసింది. ఆరడుగుల ముసలాడు, తడిసిన బట్టతల, చేతిలో ఇంకా తాళం చెవి. నాలుక చివర ఎప్పటి కత్తి సిద్ధంగానే ఉంది. గొంతు సగం చెయ్యి, అందులో సగం చెయ్యి, ఆ చేతులు దేవుడి కోసం దించు. ఒక్క ముక్క అంటే చాలు. విగన్‌లో ఆ రాత్రి తన ఆఖరి మాట ఎలా ఉందని ఈ మనిషి ఇంతవరకూ ఒక్కసారి అడగలేదని కూడా ఆమెకి గుర్తుంది.

"క్లెగ్ తొందరపడి తెర దించాడు, ఓజీ" అంది. గొంతు పెంచలేదు, చేతులు కదపలేదు, కళ్లు తిప్పలేదు.

"అదే కదా నేను ఇన్నేళ్లుగా మొత్తుకుంటున్నది" అన్నాడు ఆస్వాల్డ్. టోపీ పెట్టుకుని, ఆమె చేతిలోని పొట్లం అందుకుని, ట్రామ్ వచ్చే దాకా ఆమె వాటా దుంపలు కూడా తృప్తిగా తిన్నాడు.